చెరిపేసిన నలభై రెండు నిమిషాలు

"పదకొండు పది నుంచి పదకొండు ఇరవై ఏడు దాకా మీ స్క్రీన్ మీద ఏమీ కదల్లేదు. కారణం?"

ఉద్యోగంలో చేరిన నాలుగో రోజున నవదీప్‌కి అందిన మొదటి తాఖీదు ఇది. కింద పేరు: మైథిలి, రివ్యూ విభాగం.

నోయిడా సెక్టార్ అరవై రెండులో ఉన్న ఆ కంపెనీ పిల్లలకు ట్యాబ్లెట్ మీద లెక్కలు నేర్పుతుంది. 'మీ పిల్లల్ని నమ్మండి, స్వేచ్ఛనివ్వండి' అని ప్రకటనల్లో తల్లిదండ్రులకు హితబోధ చేస్తుంది. సొంత ఉద్యోగులను మాత్రం చచ్చినా నమ్మదు. పాఠాలు తయారుచేసే వాళ్లందరూ పొద్దున్న పదికల్లా ట్యాబ్లెట్‌లో స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెట్టాలి. మధ్యాహ్నం ఒంటిగంటకో ముక్క, సాయంత్రం ఆరింటికో ముక్క రివ్యూ వాళ్లకు పంపాలి. వాళ్లు దాన్ని ఎనిమిది రెట్ల వేగంతో చూసి, ఎవరెప్పుడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారో రాసిపెడతారు. ఈ ఘనకార్యానికి ట్రాన్స్‌పరెన్సీ పాలసీ అని పేరు. దాన్ని కనిపెట్టిన మహానుభావుడు మేనేజర్ భీమేశ్వరరావు.

నవదీప్‌ది తణుకు. మర్యాద ఎంతో రోషమూ అంతే. నేరుగా రివ్యూ గదికి వెళ్లాడు.

"ఏవండీ, టీ తాగడానికి కిందకెళ్లానండి. టీ గ్లాసు స్క్రీన్ మీద ఎలా కనపడుద్దండి?"

మైథిలిది కరీంనగర్. తలెత్తకుండానే, "టీకి పోయేటోళ్లు 'టీకి పోతున్న' అని స్క్రీన్ మీద రాసి పోవాలె. నాలుగో రూల్," అంది.

"మరి బాత్రూంకెళ్తేనండీ?"

అప్పుడు తలెత్తింది. "అది రాయకున్నా నడుస్తది," అని పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. నవదీప్ రోషం అక్కడితో సరి.

మర్నాడు ట్యాబ్లెట్ మీద బుద్ధిగా రాశాడు: 'టీకి వెళ్తున్నాను. కింద టీ బండి భయ్యా అల్లం బాగా వేస్తాడు.'

'గమనించడమైనది,' అని సాయంత్రం జవాబొచ్చింది. ఆ మర్నాడు టీ బండి దగ్గరకి మైథిలే వచ్చింది. ఒక గుక్క తాగి, "అల్లం వాసన కూడా లేదు. తప్పుడు రిపోర్ట్ ఇచ్చినవ్," అంది.

అలా అయిదు నెలలు రోజూ టీ తాగారు. అతని 'అండీ'లను ఆమె లెక్కపెట్టి ఏడిపించేది. ఆమె తనుండే వైశాలి కాలనీకి వెళ్లే షేర్ ఆటో ఎక్కాక అతను ఆ ఆటో మలుపు తిరిగేదాకా నిలబడేవాడు. ప్రపంచంలో ఉన్న విషయాలన్నీ మాట్లాడాడు. చెప్పాల్సినది ఒక్కటి తప్ప.

నవంబరులో ఒక గురువారం ఆమె గ్లాసు కింద పెట్టి, "హైదరాబాద్ ఆఫీసుల పోస్టు పడ్డది. రేపు సాయంత్రం అయిదింటిలోపు ఫారం ఇయ్యాలె. అమ్మ వచ్చెయ్యమంటుంది. నువ్వేమంటవ్?" అంది.

ప్రేమకథల్లో ఇలాంటి చోట వాన పడుతుంది. నవంబరు నోయిడాలో పొగ పడుతుంది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి కానీ అది పొగ వల్లో, తన వల్లో అతనికి తెలియలేదు.

"ఆలోచించి చెప్తానండి," అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే ట్యాబ్లెట్‌లో ఆఫీస్ చాట్ తెరిచాడు. 'వెళ్లకండి,' అని టైప్ చేశాడు. ఆర్డరు వేసినట్టుందని చెరిపాడు. 'మీరు లేకపోతే నాకు టీ రుచించదండి,' అన్నాడు. కాఫీ తాగమంటుందేమోనని అదీ చెరిపాడు. 'నాకు మీరంటే చాలా ఇష్టమండి. అయిదు నెలల నుంచీ.' ఇది రెండుసార్లు చదువుకుని, అక్షరం అక్షరం చెరిపేశాడు. నలభై రెండు నిమిషాల సాహిత్య సేవ తర్వాత పంపింది ఒకే ఒక్క ముక్క.

'ఆల్ ది బెస్ట్ అండి.'

ఒంటిగంటకి అలవాటు చొప్పున ఎర్ర చుక్క నొక్కి రికార్డింగ్ ఆపి, రివ్యూకి పంపేశాడు. పంపాక గుర్తొచ్చింది. చెరిపింది చాట్‌లోనే చెరిగింది. రికార్డింగ్‌లో ప్రతి అక్షరమూ భద్రంగా ఉంది.

భీమేశ్వరరావు గదికి పరుగెత్తాడు. "సార్, పొద్దుటి రికార్డింగ్ డిలీట్ చెయ్యాలండి."

"ఠీక్ హై. దానికో ఫారం ఉంది. కారణం వివరంగా రాయాలి. ఫారం నింపుతున్నంతసేపూ రికార్డింగ్ ఆన్‌లో ఉండాలి, అచ్ఛా?"

కారణం అన్న గడిలో నవదీప్ గంటసేపు రాస్తూ, చెరుపుతూ కూర్చున్నాడు. నాలుగింటికి రివ్యూ నుంచి పిలుపొచ్చింది.

మైథిలి ట్యాబ్లెట్ మీద వీడియో ఆగి ఉంది. 'నాకు మీరంటే చాలా ఇష్టమండి' దగ్గర.

"ఇది పంపనీకి ఏమైంది నీకు?"

"భయమేసిందండి. మీరు కాదంటే రేపట్నుంచి ఒక్కడినే టీ తాగాలి కదండీ."

"నేను హైదరాబాద్ పోతే ఎంతమందితోని తాగుతవ్?"

అంతలో భీమేశ్వరరావు తన ట్యాబ్లెట్ పట్టుకుని లోపలికొచ్చాడు.

"మైథిలీ, రూల్ ప్రకారం ఎనిమిది రెట్ల స్పీడులో చూడాలి. ఈ నలభై రెండు నిమిషాలూ నువ్వు మామూలు స్పీడులో చూశావు. పైగా ఈ వాక్యం దగ్గర ఆపి పదకొండు నిమిషాలు ఊరికే కూర్చున్నావు. కారణం?"

రివ్యూ చేసేవాళ్ల స్క్రీన్ కూడా రికార్డవుతుందని, దాన్ని మేనేజరే చూస్తాడని నవదీప్‌కి అప్పుడే తెలిసింది. మైథిలి మొహం కందిపోయింది. ఈసారి పొగ మీద పెట్టడానికి లేదు, కిటికీలు మూసే ఉన్నాయి. నవదీప్‌కి ఎగిరి గంతేయాలనిపించింది.

"మీరెట్ల చూసిన్రు సార్?" అని ఆమె ఎదురు తిరిగింది.

భీమేశ్వరరావు నీళ్లు నమిలాడు. "నేనూ మామూలు స్పీడులోనే. నా స్క్రీన్ గురుగ్రామ్ హెడ్డాఫీసు వాళ్లు చూస్తారమ్మా. సోమవారం నన్ను అడుగుతారు. వాళ్లకేం రాయాలో మీరిద్దరూ త్వరగా తేల్చండి," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

మైథిలి చెయ్యి చాచి తన ట్యాబ్లెట్ మీది ఎర్ర చుక్క నొక్కింది. రికార్డింగ్ ఆగింది.

"ఇప్పుడు చెప్పు. నోటితోని. చెరిపెయ్యనీకి ఉండదు."

ఈసారి నవదీప్ ఆగలేదు. "నాకు మీరంటే చాలా ఇష్టమండి. వెళ్లకండి. టీ కోసం కాదండి, నా కోసం."

ఆమె హైదరాబాద్ ఫారం తీసి నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. "అమ్మకు నేను చెప్త. నడువ్, టీకి పోదాం. మూడు 'అండీ'లే అన్నవ్, నయమే."

సోమవారం భీమేశ్వరరావు దగ్గర్నుంచి ఇద్దరికీ కలిపి ఒకే తాఖీదు వచ్చింది: 'శుక్రవారం నాలుగు ఇరవై నుంచి ఆరు దాకా రికార్డింగ్ లేదు. కారణం?'

'టీకి పోయినం,' అని మైథిలి జవాబు రాసి ట్యాబ్లెట్ అతనికిచ్చింది. నవదీప్ ఆమె పేరు పక్కన తన పేరు రాశాడు. ఒక్కసారి చదువుకుని, ఏమీ చెరపకుండా పంపేశాడు.