శోకం పెట్టని కూతురు

పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక కాసేపటిదాకా టీ తాగకూడదు. ఆలోగా స్వరూప వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, లోపలికొచ్చి బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. చూస్తే అమ్మ నంబరు. చేతులు తుడుచుకొని ఫోన్ పట్టుకుంది గానీ ఎత్తలేదు. ఇది రోజూ ఉండే తంతే. ఆమె ఎత్తదు. తరువాత భర్త కృష్ణకాంత్ తన ఫోన్ నుంచి చేసి "స్వరూపకు జర సర్దయింది అత్తమ్మా" అనో, "గుడికి పోయింది" అనో ఒక అబద్ధం చెప్తాడు. అబద్ధాలాడే మనిషి కాదు పాపం. ఈ మధ్య కొత్తవి తోచక పాతవే మళ్లీ చెప్తున్నాడు.

ఏడాది కిందట గొంతు బొంగురుపోతుంటే ఎండ వల్ల అనుకున్నారు, తరువాత చల్లనీళ్ల వల్ల అనుకున్నారు. మెడ దగ్గర గడ్డ పైకి కనిపించేదాకా దవాఖాన మొహం చూడలేదు. అప్పటికే థైరాయిడ్ గడ్డ ముదిరి గొంతు నరాన్ని పట్టేసింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి గడ్డ తీశారు గానీ, పోయిన గొంతు తిరిగి రాలేదు. ఇప్పుడు స్వరూప నోరు తెరిస్తే గాలి ఎక్కువ, మాట తక్కువ. ఆ వచ్చేది కూడా ముసలి మగవాడి గొంతులా గరగరమంటుంది. ఇంతకంటే బాగుపడుతుందన్న నమ్మకం లేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఈ సంగతి ఆమె పుట్టింట్లో ఎవరికీ తెలియదు. కారణం కూతురు మల్లిక సంబంధం. స్వరూప తమ్ముడు పరమేష్ భార్య నిరోషకు కోమల అని ఒక అక్క ఉంది. ఆ కోమల కొడుక్కు మల్లికను అడిగారు. పిల్లవాడు బుద్ధిమంతుడు, మల్లికకూ నచ్చాడు. అయితే తల్లికి థైరాయిడ్ ఉంటే బిడ్డకూ వస్తుందని, వచ్చిందంటే ఇక పిల్లలు పుట్టరని చెప్పడానికి ఊరంతా డాక్టర్లే. నిశ్చితార్థం అయ్యేదాకా అటు పోవద్దు, ఫోన్లో మాట్లాడొద్దు అని పట్టుబట్టింది స్వరూపే. అమ్మకొక్కదానికైనా చెబుదామా అంటే, గోపమ్మ కడుపులో ఏ మాటా దాగదు.

ఫోన్ మోగి మోగి ఆగింది. వెంటనే కృష్ణకాంత్ ఫోన్ మోగింది. "ఆ, పరమేష్" అని, వింటూ మంచం మీద కూర్చుండిపోయాడు. ఏమైందని స్వరూప చేత్తో అడిగింది.

"అత్తమ్మ పోయిందట స్వరూప. తెల్లారగట్ల నిద్రలనే పోయిందట."

కిరాయి కారు తిరుమలగిరి దాటి గోపమ్మ ఊరి దారి పట్టింది. మల్లిక అడిగింది.

"అమ్మ శోకం పెట్టాలె గదా డాడీ. ఎట్ల మరి?"

ఆ వైపు తల్లి పోతే కూతురు వాడకట్టు మొదట్లోనే శోకం అందుకోవాలి. తల్లి తనను ఎట్లా సాకిందో రాగం తీసి చెప్పుకుంటూ నడిచి రావాలి. ఆ గొంతు విని వాకిట్లోని ఆడవాళ్లు లేచి ఎదురొస్తారు.

"కోమలక్క వాళ్లు వచ్చే ఉంటరు," అన్నాడు కృష్ణకాంత్. "నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడువు స్వరూప. ఏడ్చేతందుకు గొంతెందుకు?"

"అమ్మమ్మ పోయినకాడ గూడ అబద్ధమేనా?"

కృష్ణకాంత్ కిటికీ వైపు తిరిగాడు. స్వరూప కూతురి చెయ్యి పట్టుకొని వద్దన్నట్టు నొక్కింది.

వాడకట్టులో డప్పు మోగుతోంది. స్వరూప మెడ చుట్టూ కొంగు కప్పుకొని, తల దించుకొని నడిచింది. ఆడవాళ్లు లేవబోయి, ఏ శోకమూ వినిపించక మళ్లీ కూర్చున్నారు. "బిడ్డ ఉత్తగనే వస్తాంది సూడుండ్రి," అన్నది ఒకామె.

వాకిట్లో అద్దాల పెట్టెలో గోపమ్మ పడుకొని ఉంది. స్వరూప అద్దానికి చెంప ఆనించి కూలబడింది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కానీ చావింట్లో కన్నీళ్లు ఎవరు చూస్తారు, శోకం వినపడాలి గానీ.

పరమేష్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇయ్యాల తీరిందా అక్కా నీకు?"

స్వరూప తల ఎత్తింది.

"ఎన్ని నెలలాయె నువ్వు అమ్మతోని మాట్లాడక? ఫోన్ ఒళ్లె పెట్టుకొని కూసునేది. అన్నం తింటాంటే గూడ పక్కకు పెట్టకపోయేది. 'స్వరూప అలిగింది రా, నేనేమన్ననో యాదికొస్తలేదు రా' అని నన్ను అడిగేది. ఏమన్నది అమ్మ నిన్ను? చెప్పు. పొద్దుగాల అమ్మ ఫోన్ల నుంచి చేసింది నేనే. సచ్చిపోయిందని చెప్దామంటే గూడ ఎత్తకపోతివి."

తను అలిగిందని అమ్మ అనుకుంటుందని స్వరూపకు తోచనే లేదు. బిడ్డ సంబంధం తప్పిపోతుందేమో అన్న ఆ ఒక్క భయమే తప్ప ఇన్నాళ్లూ ఇంకేదీ తోచలేదు.

"పరమేష్, జర ఆగు. మీ అక్కకు పానం..." అంటూ కృష్ణకాంత్ ముందుకొచ్చాడు.

"ఊకో బావా. నీ సర్ది ముచ్చట్లు, గుడి ముచ్చట్లు శానా విన్నం."

నిరోష దగ్గరికొచ్చి మెల్లగా అంది. "వదినె, అందరు చూస్తుండ్రు. ఒక్క మాటన్న అను. తల్లి గదా."

స్వరూప మల్లిక వైపు చూసింది. మల్లిక పక్కనే కోమల, పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఓదారుస్తోంది. ఈ పూటకు నోరు మూసుకుంటే చాలు. ఆ చెయ్యి అక్కడే ఉంటుంది, పెళ్లి అవుతుంది. కూతురు కాదు రాయి అనుకుంటారు, అనుకోనీ. కానీ అద్దం వెనుక ఉన్నది అమ్మ. నేనేమన్నానో అని వెతుక్కుంటూ పోయిన అమ్మ.

కొంగు కిందికి లాగేసింది. మెడ మీద అడ్డంగా కుట్ల గీత బయటపడింది.

"అమ్మా, నేను అలగలేదే," అంది.

బండ మీద తట్ట ఈడ్చినట్టు వచ్చింది ఆ గొంతు. ఎవరి పిల్లో నవ్వితే తల్లి నోరు మూసింది. పరమేష్ కిందికి వంగాడు.

"ఏమాయె అక్కా నీ గొంతుకు?"

"థైరాయిడ్... గడ్డ తీసిండ్రు. గొంతు పోయింది." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "మల్లిక లగ్గం చెడ్తదని... చెప్పలే."

కోమల కొంగు సర్దుకోవడానికన్నట్టు మల్లిక భుజం మీది చెయ్యి తీసింది. మళ్లీ వెయ్యలేదు. మల్లిక అది గమనించి కూడా కదలకుండా తల్లినే చూస్తూ కూర్చుంది.

"గొంతు ఎట్లుంటే ఏంది అక్కా?" అన్నాడు పరమేష్. కోపమంతా ఎటో పోయింది. "కన్నది గదా. నీ గొంతు ఆమెకు తెల్వకపోవునా?"

స్వరూప అద్దం మీదికి వంగి శోకం అందుకోబోయింది. గాలే వచ్చింది. డప్పు చప్పుడులో, ఐసు పెట్టె రొదలో అది పక్కనున్న వాళ్లకే వినపడలేదు. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అంతే.

పరమేష్ డప్పు ఆపమని చెయ్యి ఎత్తాడు. ఆ ఊళ్లో మగవాళ్లు శోకం పెట్టరు. అతను అక్క పక్కన కూర్చొని, చెవి ఆమె నోటి దగ్గర పెట్టి, విన్నది విన్నట్టు అద్దంలోని తల్లికి గట్టిగా చెప్పసాగాడు.

"అమ్మా, అక్క అలగలేదంట."

స్వరూప పెదవులు కదిలాయి.

"నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా చేతిల పట్టుకొనే కూసున్నదంట. ఫోన్ మీద నీ పేరు పోయేదాక చూసుకుంట ఏడ్చేదంట."

ఆడవాళ్లు ఒక్కరొక్కరే లేచి దగ్గరికి వచ్చారు. కోమల, ఆమె భర్త చెప్పులు వేసుకుంటున్నారు. నిరోష వాళ్లను ఆపలేదు.

"నువ్వు ఏమనలేదంటనే అమ్మా. నీదేం తప్పు లేదంట. తప్పంత తనదేనంట," అన్నాడు పరమేష్. ఇంకేదో చెప్పబోయేసరికి అతని గొంతు కూడా పూడుకుపోయింది.

ఎత్తే వేళయిందని పెద్దమనుషులు తొందరపెట్టారు. స్వరూప ఇంకా చెప్తూనే ఉంది.