పగటి లైట్లు

షెడ్డు బయట వాన పడుతోందనీ చెప్పలేం, ఆగిందనీ చెప్పలేం. తుంపర గాలిలోనే వేలాడుతోంది. మధ్యాహ్నం భోజనాలై ఎంతోసేపు కాలేదు గానీ, ముసురు పట్టి పొద్దుగూకినట్టే ఉంది. కారు ముందు భాగం కింద అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకున్న ఎలక్ట్రీషియన్ మనసులో ఒకటే కోరిక. ఇలాగే కళ్ళు మూసుకుంటే ఎంత బావుణ్ణు!

వీధిలో అందరూ అతన్ని ‘ఫ్యూజు’ అనే పిలుస్తారు. ఏ బండి తెచ్చినా, ఎంత కథ చెప్పినా, అంతా విని అతననే మాట ఒకటే: “ముందు ఫ్యూజు చూద్దాం.” కోపమొస్తే భార్య కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది. ఈమధ్య మాత్రం అతని ఫ్యూజే ఎగిరిపోయినట్టుంది. ఒక రాత్రి తనూ, ఒక రాత్రి చెల్లెలూ వంతులేసుకుని అమ్మ మంచం పక్కన కూర్చుంటున్నారు. నిద్ర ముఖం చూసి ఎన్నాళ్ళయిందో.

అమ్మకి డయాలసిస్. వారంలో సగం రోజులు ఆసుపత్రికీ ఇంటికీ తిప్పాలి. అద్దె వ్యాను ఎక్కించిన ప్రతిసారీ, గతుకు పడ్డప్పుడల్లా ఆవిడ పెదవి కొరుక్కునేది. అందుకే చెల్లెలు ఉన్నదంతా ఊడ్చి ఈ కారు కొంది. ఓడలో వచ్చిన పాత కారు. స్టీరింగు మనకి అలవాటైన వైపు కాదు, రెండో వైపు. బండిలో ఒక ఆడగొంతు ఉంది, తలుపు తీస్తే చాలు మనకి రాని భాషలో ఎంతో మర్యాదగా ఏదో అంటుంది. “ఏమంటోందే?” అని అమ్మ అడిగితే, “చెప్పులు విప్పి ఎక్కమంటోంది” అంది చెల్లెలు. చాలాకాలం తరవాత అమ్మ ఆరోజే నవ్వింది.

అన్నీ కుదిరాయనుకున్నాక తనిఖీ ఆఫీసులో బండిని వెనక్కి పంపేశారు. పగలు కూడా వెలిగే లైట్లు లేవట. “హెడ్‌లైట్లు ఉన్నాయి కదండీ” అంటే, “అవి మీకు దారి కనబడ్డానికి. ఇవి ఎదుటివాళ్ళకి మీరు కనబడ్డానికి” అన్నాడు ఆఫీసరు. రేపు పొద్దున్నే మళ్ళీ చూపించాలి.

“పనయిందా అన్నయ్యా?” స్టూలు మీద కూర్చున్న చెల్లెలు అడిగింది. గొంతులో నిద్ర.

“ఇదేదో విచిత్రంగా ఉంది. ఇలా రా.”

ఆమె వంగి చూసింది. బంపరుకి రెండు పక్కలా పొడుగాటి గాడులు. వాటిని పుట్టీతో పూడ్చి, పైన అదే రంగు వేశారు. అతను గీకేసరికి పెళ్ళలుగా రాలింది. లోపల వైర్లు కూడా ఉన్నాయి, కోసేసి ఉన్నాయి. కోసిన చివరలకి టేపు చుట్టి, దాని మీద మళ్ళీ టేపు చుట్టి, చేతికి అందనంత లోపలికి తోసేశారు.

“అంటే లైట్లు ముందే ఉండేవన్నమాట.”

“ఉండేవి. ఎవడో పనిగట్టుకుని తీసేశాడు. పెట్టడానికి పడే కష్టం కంటే తియ్యడానికే ఎక్కువ పడ్డాడు.”

“ఎందుకూ?”

“పనీపాటా లేక” అన్నాడతను. నడుము పట్టేసింది. ఇంకో ప్రశ్న అడిగితే ఏడుపొచ్చేలా ఉంది.

కొత్త లైట్లు గాడుల్లో బిగించాడు. పాత వైరు జోలికి పోకుండా కొత్త వైరు లాగి, డ్రైవరు పక్క సీటు ముందున్న ఫ్యూజుల డబ్బాలో ఒక ఫ్యూజుకి కలిపాడు. వీటికి విడిగా స్విచ్చి ఉండదు. ఇంజను నడిచినంతసేపూ వెలుగుతూనే ఉంటాయి, అంతే.

చెల్లెలు ఇంజను స్టార్టు చేసింది. ముసురులో రెండు తెల్లటి గీతలు భగ్గుమన్నాయి. షెడ్డు ముందు తడి రోడ్డంతా మెరిసింది. వీధి చివర పడుకున్న కుక్క లేచి నిలబడి, మొరగలేదు సరికదా, తోక ముడిచి గోడ సందులోకి దూరింది.

“ఒక చుట్టు తిప్పుకొద్దాం. గతుకుల్లో వైరు ఊడుతుందేమో చూడాలి. అలాగే ఇంటికెళ్ళిపోదాం, పిన్నిగారు ఎంతసేపని కూర్చుంటారు” అన్నాడతను. పక్కింటి పిన్నిగారిని అమ్మ దగ్గర కూర్చోబెట్టి వచ్చారు.

ఇద్దరూ బయల్దేరారు. పక్క సీట్లో కూర్చుంటే అతనికి వెర్రిగా ఉంది. ఎప్పుడూ స్టీరింగు ఉండే వైపు, చేతుల్లో ఏమీ లేకుండా.

ఊరి చుట్టూ తిరిగే రోడ్డు ఖాళీగా ఉంది. గోడౌన్ల తలుపులు మూసి ఉన్నాయి. మూతబడ్డ పెట్రోలు బంకు దాటారు. వైపర్లు కిర్రు కిర్రుమంటూ ఊగుతున్నాయి.

“నిన్న రాత్రి అమ్మ మళ్ళీ అదే మాట అంది” అంది చెల్లెలు.

“ఏమని?”

“ఇంక చాలు, నన్ను తిప్పకండి అని.”

అతని వంతు రాత్రుల్లో కూడా ఆవిడ అదే అంటోంది. వినబడనట్టు దిండు సర్ది ఊరుకుంటున్నాడు.

ముందు బస్‌స్టాప్ వచ్చింది. రేకుల కింద బల్ల మీద ఒక పెద్దాయన, ఒళ్ళో సంచీ. దూరం నుంచే కారు లైట్లు చూసి, మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా లేచాడు. తెలిసినవాళ్ళ బండి వచ్చినట్టు చెయ్యెత్తాడు.

“పాపం, ముసలాయన” అంటూ చెల్లెలు ఆపింది. అద్దం దించింది. “ఎక్కడికి వెళ్ళాలి తాతగారూ?”

బల్ల మీద ఎవరూ లేరు. రేకు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

వెనక తలుపు మూసుకున్న చప్పుడైంది. మెత్తగా, బరువుగా. బండిలో ఆడగొంతు మర్యాదగా ఏదో అంది.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. సీటు ఖాళీ. కానీ స్టీరింగు ముందు, వరసగా ఉన్న చిన్న మనిషి బొమ్మల్లో ఒకటి ఎర్రగా వెలిగింది. వెనక ఎవరైనా బెల్టు పెట్టుకోకుండా కూర్చుంటే వెలిగే బొమ్మ అది.

“చెమ్మకి సెన్సరు తప్పు చూపిస్తోంది” అన్నాడతను. “పోనియ్.”

“మరి ఆయనేడీ?”

“వెనక సందులోకి వెళ్ళుంటాడు. పోనియ్ అమ్మా.”

కారు కదిలింది. కదిలాక వాసన మొదలైంది. ఎన్నాళ్ళుగానో ఆరని బట్టల వాసన. దాని అడుగున చల్లటి ఇనుము వాసన. చెల్లెలు హీటరు పెంచింది. వాసన తగ్గలేదు. కారు వెనకభాగం కాస్త కుంగినట్టు, ప్రతి గతుక్కీ వెనక చక్రాలు బరువుగా పడుతున్నాయి.

సిగ్నల్ దగ్గర ఆగక తప్పలేదు. అటూ ఇటూ రెండు లారీలు. వాటి మధ్యలోంచి ఒక మనిషి వస్తోంది. తల ముద్దగా తడిసింది, కాళ్ళకి చెప్పుల్లేవు. లారీల వైపు చూడలేదు, వాళ్ళ ముఖాల వైపూ చూడలేదు. ఆమె చూపంతా బంపరు మీద వెలుగుతున్న ఆ రెండు గీతల మీదే. అడుగులు ఈడుస్తూ, చాలా దూరం నడిచొచ్చినదానిలా దగ్గరికొచ్చింది. కారు పక్కగా వెనక్కి వెళ్ళింది. లారీ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి బీడీ దులిపాడు. సరిగ్గా ఆమె తల ఉన్నచోటే. ఆ డ్రైవరుకేం కనబడలేదు.

“తాళం వెయ్యి” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“వేసే ఉంది.”

తలుపు తెరుచుకోలేదు. మూసుకున్న చప్పుడు మాత్రం అయింది. ఆడగొంతు మళ్ళీ పలకరించింది. రెండో బొమ్మ ఎర్రబడింది.

పచ్చలైటు పడగానే చెల్లెలు బండిని దూకించింది. అతను అద్దంలోకి చూశాడు. వెనక సీటు ఖాళీగానే ఉంది, కానీ వెనక అద్దం మీద లోపలి నుంచి ఆవిరి పడుతోంది. ఒక మూల గుండ్రంగా కమ్ముకుని... ఆరిపోయి... మళ్ళీ కమ్ముకుంటోంది. రెండో మూల కూడా అంతే. ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

“నెమ్మదిగా పోనివ్వమ్మా...”

ఆ మాట అన్నది ఎలక్ట్రీషియన్ కాదు.

“అలిసిపోయాం...” అంది ఇంకో గొంతు. ఆడగొంతు. ఇది బండి గొంతు కాదు. కోపం లేదు అందులో, బెదిరింపూ లేదు. పనిలోంచి ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డ మనిషి గొంతు.

“అన్నయ్యా,” చెల్లెలు గుసగుసగా అంది, “విన్నావా?”

“వినలేదు. నువ్వూ వినలేదు. రోడ్డు చూడు.”

“బండి ఆపి దిగిపోదాం.”

“ఆపితే ఇంకొకళ్ళు ఎక్కుతారు.”

ఆ మాట నోట్లోంచి వచ్చాకే అతనికి అర్థమైంది. రోడ్డు పొడుగునా ఉన్నారు. దీపస్తంభాల కింద, గోడల వారన, తుంపరలో సగం కలిసిపోయి. కారు దగ్గరపడే కొద్దీ ఒక్కొక్కరే తలెత్తుతున్నారు. ఒక్కొక్కరే చెయ్యెత్తుతున్నారు. పుట్టీ పూసి, టేపు మీద టేపు చుట్టిన ఆ ఎవడో పనీపాటా లేనివాడు కాదు.

“లైట్లు ఆపెయ్యి అన్నయ్యా!”

“ఇంజను ఆపితే తప్ప ఆగవు. ఫ్యూజు... ఫ్యూజు పీకాలి.”

అతను ముందుకు వంగి డబ్బా మూత లాగాడు. అది ఊడి కాళ్ళ దగ్గర పడింది. లోపల చీకటి. వేళ్ళు తడుముతున్నాయి. ముప్పై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని. ఇప్పుడు ఏది ఏదో తెలియడం లేదు. వెనక నుంచి అతని మెడ మీద చల్లటి గాలి తగిలింది.

“ఇదిగో, మలుపు వచ్చేసింది, ఇల్లొచ్చేసింది...” చెల్లెలు తనకి తనే ధైర్యం చెప్పుకుంటోంది. ఉన్నట్టుండి ఆ గొంతు ఆగిపోయింది. కారు వేగం తగ్గింది.

“ఏమైంది? ఆపకు!”

“అన్నయ్యా... అమ్మ.”

తలెత్తి చూశాడు. మలుపులో, వాళ్ళ వీధి మొదట్లో, గళ్ళ దుప్పటి భుజాల చుట్టూ కప్పుకుని అమ్మ నిలబడి ఉంది. ఏడాదిగా ఎవరూ పట్టుకోకుండా నిలబడని మనిషి, ఊతం లేకుండా నిటారుగా నిలబడి ఉంది. లైట్లు చూసింది. ముఖం విప్పారింది. చెయ్యెత్తింది.

“అమ్మ ఇంట్లో ఉంది,” అన్నాడతను. “పిన్నిగారి దగ్గర ఉంది. ఆపకు.”

“చెయ్యెత్తుతోంది అన్నయ్యా...”

“ఆపావంటే అమ్మ ఉండదు! తొక్కు!”

చెల్లెలు ఏడుస్తోంది. కాలు బ్రేకు మీదే ఉంది. కారు ఇంకా నెమ్మదించింది. వెనక సీట్లో ఎవరో పక్కకి జరుగుతున్న చప్పుడు. “రానీ, రానీ... మధ్యలో చోటుంది...” అంది తాత గొంతు, ఎంతో ఆదరంగా.

అమ్మ ఒక అడుగు ముందుకేసింది.

అతను చేతికందిన వరస ఫ్యూజులన్నిటినీ గుప్పిట పట్టి పీకేశాడు. వైపర్లు సగంలో ఆగాయి. హీటరు చచ్చిపోయింది. ముందు రోడ్డు మీద మెరుపు ఆరిపోయింది.

అమ్మ చెయ్యి గాలిలోనే ఉంది. కళ్ళు వెతుకుతున్నాయి. కారు ఆమెకి మూరెడు దూరంలోంచి దాటింది గానీ, ఆమె వీళ్ళని చూడలేదు. ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దించుకుంది. బస్సు తప్పిపోయిన మనిషి ముఖం అది. కోపం లేదు, ఉత్త అలసట.

ఇంటి ముందు కారుని అడ్డదిడ్డంగా వదిలేసి ఇద్దరూ లోపలికి పరిగెత్తారు. పిన్నిగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు.

“ఫోన్ చేస్తే ఎత్తరేం నాయనా! ఇందాక మీ అమ్మకి ఊపిరి అందలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. కళ్ళు తేలేసి, చెయ్యిలా పైకెత్తేసింది. అయిపోయిందనుకున్నా. అంతలోనే చెయ్యి దించి, మామూలుగా ఊపిరి తీసుకుంది. ఇప్పుడు బానే ఉంది, పడుకుంది.”

చెల్లెలు గోడకి జారబడి కూర్చుండిపోయింది. ఏడుపో నవ్వో తెలియకుండా ఉంది ఆమెకి. ఎలక్ట్రీషియన్ ఒక్కడే గదిలోకి వెళ్ళాడు.

అమ్మ మెలకువగానే ఉంది. గళ్ళ దుప్పటి గుండెల దాకా కప్పి ఉంది. ముఖం కిటికీ వైపు. అతను మంచం పట్టీ మీద కూర్చుని ఆమె చెయ్యి అందుకున్నాడు. వెచ్చగా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

“ఎలా ఉందమ్మా?”

ఆవిడ, చిన్నపిల్లలు అలిగినట్టు, మెల్లగా అంది.

“ఎందుకు ఆపలేదురా?”

అతని చూపు ఆమె గళ్ళ దుప్పటి మీద పడింది.

“చెయ్యెత్తాను కదా. వెనక చోటు కూడా ఉంది. ఆ పెద్దాయన జరిగాడు కూడానూ.”

“అమ్మా... నువ్వు లేకపోతే మేము...”

“మీకు నిద్రన్నా దొరికేది కదరా” అంది అమ్మ. నిందిస్తున్నట్టు లేదు. కొడుకు జుట్టు సవరించాలని చెయ్యి కాస్త ఎత్తి, ఓపిక లేక దింపేసింది. “సర్లే. అలిసిపోయుంటారు. వెళ్ళి కాస్త నడుం వాల్చు.”

అతను దుప్పటి సర్ది లేవబోయాడు. నడుం నొప్పో, నిద్రలేమో, దారిలో పడ్డ భయమో, లేవలేకపోయాడు. రెండు చేతులూ మంచం మీద ఆన్చి, బరువు మోస్తున్నవాడిలా ఎలాగో నిలబడ్డాడు.

అమ్మ చూపు కిటికీ నుంచి అతని వైపు తిరిగింది. కానీ అతని ముఖం మీద ఆగలేదు. కాస్త పైకి... కుడి భుజం మీదుగా... అక్కడ ఆగింది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

“ఒరే,” అంది, గొంతు బాగా తగ్గించి, కొత్తవాళ్ళ ఎదుట మాట్లాడినట్టు. “ముందు సీట్లో నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాయన... ఎవర్రా?”