తిరగేసి బిగించిన బ్లేడు

ఆ ఉదయం ఆకాశం వానకు సిద్ధపడి మళ్ళీ మనసు మార్చుకుంది. మబ్బులు పడమటికి జరిగిపోయి, మాసిన దుప్పటి లాంటి వెలుతురు మిగిలింది. ఆ వెలుతురులో ఒక వంటమనిషి డిటెక్టివ్ గుమ్మంలో వచ్చి నిలబడింది. చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది.

డిటెక్టివ్‌ను ఊళ్ళో అందరూ నత్త అంటారు. నడక అంత నెమ్మది. అతని సహాయకుడు ఒకప్పుడు ఆసుపత్రిలో కాంపౌండరు. గురువును నత్త అని ఎవరన్నా అతను ఊరుకోడు.

"నత్తగారండీ, మా ఆయన్ని కాపాడండి," అంది ఆమె.

"డిటెక్టివ్ గారు అనమ్మా!" అన్నాడు కాంపౌండరు.

"ఏదైతేనేం, చెప్పనీ," అన్నాడు నత్త.

ఆమె భర్త తోటమాలి. ఇద్దరిదీ ఒకే బంగళాలో పని. ఇంటి యజమాని, అందరూ పెద్దాయన అనే ముసలాయన, పొద్దున్నే వెనక షెడ్డులో గడ్డి కోసే మిషను శుభ్రం చేస్తూ నెత్తురు కారి చనిపోయాడు. శుభ్రం చేసే ముందు మిషను స్టార్టు కాకుండా ప్లగ్గు వైరు పీకడం తోటమాలి పని. వైరు తగిలించే ఉంది. తోటమాలి మర్చిపోయాడనీ, చెయ్యి పెట్టగానే మిషను స్టార్టయిందనీ పెద్దాయన కొడుకు చెప్పాడు. ఎస్సై బేడీలు వేశాడు.

"అన్నం తినడం మర్చిపోతాడేమో గానీ ఆ వైరు మర్చిపోడయ్యా. మధ్యాహ్నం స్టేషనుకి తీసుకుపోతారంట. ఒప్పుకునేదాకా కొడతారంట."

వాళ్ళు బంగళాకు వెళ్ళేసరికి శవాన్ని వ్యాను ఎక్కిస్తున్నారు. కాంపౌండరు దుప్పటి ఎత్తి చూశాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా లోపలివైపు ఒకే గాటు. వేళ్ళు అయిదూ భద్రంగా ఉన్నాయి.

షెడ్డులో మిషను పక్కకు వాలి ఉంది. నత్త దాని ముందు గొంతుకూర్చున్నాడు. అడుగు రేకుకు పట్టిన ఎండుగడ్డి సగం గీకి ఉంది. రేకు మీద నెత్తుటి చుక్క లేదు. బ్లేడు అంచున మాత్రం ఉంది. బ్లేడు చివర్ల వంపులు రెండూ నేలవైపుకు చూస్తున్నాయి. బల్ల మీద స్పానరు, ఆకురాయి, ఆకురాయి కింద కొత్తగా రాలిన ఇనుపరజను. మూలన పెట్రోలు డబ్బా, దాని మూతిలోనే ఉండిపోయిన గరాటు. నత్త మిషను ట్యాంకు మూత విప్పి ఓ పేలిక లోపలికి దూర్చాడు. పేలిక పొడిగానే బయటికొచ్చింది.

తోటమాలిని కిటికీ ఊచకు కట్టేసి ఉంచారు.

"వైరు తీశావా?" అని అడిగాడు నత్త.

"నన్ను మిషను దగ్గరికే రానివ్వలేదయ్యా. 'నే చూసుకుంటా, నువ్వు పోయి కుండీలకు నీళ్ళు పొయ్యి' అన్నారు పెద్దాయన."

"బ్లేడు విప్పడం అలవాటేనా?"

"నెలనెలా విప్పి, ఆకురాయి పట్టి, మళ్ళీ నేనే బిగిస్తానయ్యా."

కొడుకు హాల్లో ఎడమచేత్తో మంచినీళ్ళు తాగుతున్నాడు. కుడిచేతి వేళ్ళ కణుపులు నల్లగా కమిలి ఉన్నాయి.

"మేడ మీద గడ్డం గీసుకుంటున్నానండీ. మిషను బర్రుమంది, వెంటనే నాన్న కేక. దిగొచ్చేసరికి అంతా అయిపోయింది. నేను దేన్నీ ముట్టుకోలేదు."

"చేతికేమైంది?"

"తలుపు సందులో పడింది."

కోడలు తల తుడుచుకుంటూ వచ్చింది. "కేక విన్నాను. మిషను సంగతి తెలీదు, స్నానంలో ఉన్నా."

"కేక విని కూడా రాలేదా అమ్మా?"

"మామగారు రోజూ అరుస్తారు. ఈయనకి ఏ పనీ చేతకాదని పొద్దున్నే పాట మొదలెడతారు. ఇవాళ పాట తొందరగా ఆగింది, అంతే."

నత్త అందరినీ షెడ్డుకు పిలిపించాడు. ఎస్సై గడియారం చూసుకున్నాడు.

"ఎస్సైగారూ, ఈ మిషను స్టార్టు కాలేదు. ట్యాంకు పొడిగా ఉంది. పెద్దాయన పని మొదలెట్టే ముందు పెట్రోలు డబ్బాలోకి వంచేశారు. మరి బర్రుమన్న చప్పుడు ఈ కొడుకుగారొక్కరికే ఎలా వినిపించింది?"



"తిరిగే బ్లేడైతే వేళ్ళు ఎగిరిపోతాయి, నెత్తురు రేకంతా చిమ్ముతుంది," అన్నాడు కాంపౌండరు, గురువు వంక గర్వంగా చూస్తూ.

"అవును. బ్లేడు ఊడదీసి ఉండగా, చేత్తో పట్టుకుని వేసిన వేటు అది. తర్వాత దాన్ని బిగించారు, వైరు తగిలించారు. కానీ ఈ వంపులు పైకి, రేకువైపుకు ఉండాలి. నెలనెలా బిగించే తోటమాలి చీకట్లోనైనా ఈ తప్పు చెయ్యడు. పెద్దాయన అసలే చెయ్యడు. పని రానివాడు చేశాడు. బాబూ, ఆ కణుపుల మీద స్పానరుతో కొట్టాడా మీ నాన్న?"

కొడుకు కమిలిన చేతిని ముందుకు చాపాడు.

"బ్లేడు సాన పట్టి నా చేతికిచ్చాడు, బిగించమని. తప్పుగా పట్టుకున్నానని కణుపుల మీద కొట్టాడు. నెత్తిన సగం జుట్టు నెరిసినవాణ్ణి. 'ఏడువు చూద్దాం, చిన్నప్పట్లా ఏడువు' అని నవ్వాడు. ఆ నవ్వు మీదే వేశాను. చెయ్యి అడ్డం పెట్టాడు."

"వెంటనే పోయుండడే," అన్నాడు కాంపౌండరు. "కట్టు కడితే బతికేవాడు."

"కట్టమన్నాడు. నేను బోల్టు బిగిస్తూ కూర్చున్నాను. బతిమాలాడు. మా నాన్న బతిమాలడం ఎప్పుడూ వినలేదు, అందుకని తీరిగ్గా బిగించాను. చివర్లో 'తిరగేసి పెట్టావురా' అన్నాడు. రోజూ అనే మాటే కదా అని పట్టించుకోలేదు."

ఎస్సై తోటమాలి బేడీలు విప్పి కొడుకు చేతికి వేశాడు. కోడలు భర్త వంక చూడలేదు. తోటమాలి వైపు తిరిగి, "సాయంత్రానికల్లా ఈ నేల కడిగెయ్యి. మరకలు ఉండకూడదు," అంది.

వంటమనిషి ఏదో అనబోయింది. భర్త కళ్ళతోనే వద్దన్నాడు.

కొడుకును స్టేషనుకి తీసుకెళ్ళడానికి వ్యాను ఆసుపత్రి నుంచి తిరిగి రావాలి. ఎస్సైకి ఆకలేసింది. పొద్దున్న వండిన అన్నం అలాగే ఉంది. హాల్లో పెద్ద బల్ల చుట్టూ ఎస్సై, కొడుకు, కోడలు, నత్త, కాంపౌండరు కూర్చున్నారు. తోటమాలి తలుపు పక్కన నేల మీద కూర్చున్నాడు. వంటమనిషి అందరికీ ఒక్కలాగే వడ్డించి, తానూ భర్త పక్కన పళ్ళెం పెట్టుకుంది. కొడుకు మారు అడిగి పెట్టించుకున్నాడు. తోటమాలి మణికట్టు చుట్టూ బేడీల గీత ఎర్రగా పొంగి ఉంది. అతను ముద్ద ఎత్తినప్పుడల్లా అది అందరికీ కనిపిస్తోంది.