జడకుర్చీ

గంట మోగగానే జోగులు మీటలు పైకి లాగాడు. వరసగా కూర్చున్న ఆడపిల్లల తలల వెనక నుంచి రబ్బరు చేతులు లేచాయి. వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని, దువ్వెనలు అందుకుని, పాయలు తీయడం మొదలుపెట్టాయి. అన్నీ ఒక్కసారే, ఒకే లయలో.

వారానికోసారి ఖైదులో ఉన్న తల్లి తన కూతురికి జడ వేయవచ్చు. అక్కడ తల్లి తొడుగులు వేసుకుని తలబొమ్మకు వేస్తే, ఇక్కడ కుర్చీ కూతురికి వేస్తుంది; కూతురి తల స్పర్శ తల్లి వేళ్లకు తెలుస్తుంది. గోడ మీద అలాగే రాశారు.

రాయనిది జోగులుకు తెలుసు. తల్లుల చేతులు వణుకుతాయి, మధ్యలో ఆగిపోతాయి, ఒక్కోసారి జుట్టు పట్టుకుని వదలవు. పిల్లల ప్రశాంతతను కొలిచే శాంతిరేఖలు తెర మీద చెదిరిపోతాయి. అందుకని పైవాళ్లు తల్లులందర్నీ జల్లెడ పట్టి నూకాలు అనే ఖైదీని ఏరారు. ఆమె ఒకనాడు జడ వేసిన చేతి కదలికలను నిల్వచేతులుగా దాచి అన్ని కుర్చీలకూ కలిపారు. మిగతా తల్లుల చేతులను అప్పటికప్పుడు కుర్చీకి అందించే పచ్చిధారలు తెంచేశారు. నూకాలుది మాత్రం మూసి ఉంచారు, నిల్వ పాతబడితే మళ్లీ పిండుకోవచ్చని. తల్లులు వారం వారం తలబొమ్మలకు జడలు వేస్తూనే ఉన్నారు. వాళ్లకు చెప్పడమెందుకు? చెబితే గోల.

కిటికీ పక్క కుర్చీలో నూకాలు కూతురు పైడితల్లి పెదవి కొరుక్కుంటోంది. దువ్వెన మాడు మీద ఒకేచోట గీకుతోంది. అక్కడ సెగగడ్డ. అది పగిలి నెత్తురు చెవి పక్కకు జారింది. దువ్వెన ఆగలేదు. తిరిగి అక్కడికే వచ్చింది.

"బాబాయ్, మాయమ్మకి నామీద కోపమేటి?" తల కదపకుండా అడిగింది.

"ఎందుకే?"

"పుండు తగిల్తే ఆపదేటి మరి? పోయినారం గూడా ఇలాగే గీసింది. జడేసినాక మెటికిలు గూడా ఇరవనేదు. ఇంటికాడ ఇరిసీదాకా నెగనిచ్చీది కాదు."

మెటికల చప్పుడును యంత్రం 'ఎముక విరుగుట' అనుకుని నిల్వలోంచి ఎప్పుడో కోసేసింది.

"సూసుకోనేదేమోలే."

"సేత్తోటి సూత్తాది గదా! కావాలనే సేత్తంది. నాకింకొద్దు బాబాయ్, నాను రాను."

జోగులు చెవిలో పర్యవేక్షకురాలు వైదేహి గొంతు పలికింది. "మంచిదే, ఒక కుర్చీ ఖాళీ. వేలిముద్ర వేయించు. ఒకసారి వేసిందంటే మళ్లీ ఎక్కడం ఉండదని చెప్పు."

"తల్లికి కబురు పంపుతారా మేడమ్?"

"దేనికి? ఆవిడ బొమ్మకు ఆవిడ వేసుకుంటుంది." నవ్వింది. "పాపం, బాగా వేస్తుంది కూడా."

జోగులు వేలిముద్ర పలక చాచాడు. పైడితల్లి బొటనవేలు ఎత్తింది. చెవి తుడుచుకున్న వేలు, ఎర్రగా ఉంది.

అతను పలక వెనక్కి లాక్కున్నాడు.

నూకాలు పచ్చిధారకు ఒక్కటే మీట. తిప్పితే హాలు మొత్తానికీ తిరుగుతుంది. జోగులు మిగతా పిల్లల వైపు చూశాడు. కళ్లు మూసుకుని, మెడలు వాల్చి, ఎవరి అమ్మ దగ్గర వాళ్లున్నారు. కిటికీ పక్కన దువ్వెన మళ్లీ పుండు మీదికి దిగుతోంది.

తిప్పాడు.

చేతులన్నీ ఆగిపోయాయి. ఎక్కడో ఖైదులో, తలబొమ్మ మీద నూకాలు వేళ్లకు కూతురి పుండు తడి తగిలి ఉంటుంది. దువ్వెన పక్కన పడింది. వేళ్లు వణుకుతూ పుండు అంచు వెతుక్కున్నాయి, దానికి తగలకుండా చుట్టూ తిరిగాయి, ఆ వైపు జుట్టు వదులు చేశాయి. తర్వాత ముందుకొచ్చి బుగ్గలు నిమిరి, పటపటా మెటికలు విరిచాయి.

"మాయమ్మే!" పైడితల్లి ఏడుస్తూ నవ్వింది.

ప్రతి కుర్చీలోనూ అదే జరిగింది. పుండు లేని తలల మీద వేళ్లు పుండు వెతికాయి. హాలంతా మెటికలు విరిగాయి.

మూడో వరసలో ఒక పిల్ల కళ్లు తెరిచి మాడు తడుముకుంది. "నాకు దెబ్బేటీ నేదే! మాయమ్మకి మెటికిలిరవడమే రాదు. ఎవులియ్యి ఈ సేతులు?"

ఆ పిల్ల లేచింది. పక్కపిల్ల లేచింది. వెనకవాళ్లు జుట్టు విడిపించుకుని దూరంగా జరిగారు.

"జోగులూ, వెనక్కి తిప్పు!" వైదేహి అరుస్తోంది. "ఏం చేశావో తెలుస్తోందా?"

తెలుస్తోంది. మీట మీద చెయ్యి తీయలేదు, తిప్పలేదు.

"మరి మాయమ్మేదీ?" ఆ పిల్ల వచ్చి అతని చొక్కా పట్టుకుంది. "ఇన్నాళ్లూ మాయమ్మేదీ?"

ఖాళీ కుర్చీల వెనక రబ్బరు చేతులు గాలికి జడ వేస్తున్నాయి, మెత్తగా, ఏదో పుండును తప్పించుకుంటూ. కూర్చున్నది పైడితల్లి ఒక్కతే.