గుంట పడని వాపు

"నోరు తెరువు! ఊదు!"

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర, పొద్దున్నే చేపల కోసం ఆగిన జనమందరి ముందూ లింగస్వామి తన భార్య గదుమ పట్టుకుని అరిచాడు. కత్తిపీట ముందు కూర్చున్న యాదవ్వ సిగ్గుతో చచ్చిపోయింది. ఉబ్బిన ముఖం, బరువెక్కిన రెప్పలు, బొంగురుపోయిన గొంతు... ఆరు నెలలుగా ఇదే! మాట ముద్దముద్దగా వస్తోంది. కూర్చున్నచోటే కునుకు పడుతోంది. చూసేవాళ్లకు కల్లు తాగిన మనిషిలాగే ఉంది. కానీ తాగలేదే! ఎన్నిసార్లు చెప్పాలి? ఎవరికి చెప్పాలి?...

"నీ కాళ్లు మొక్కుత, నేను తాగలే..."

"తాగకపోతె నాలుక గట్లెందుకు తిరుగుతలేదు? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్!"

పక్కన చేపలమ్మే వినోద కిసుక్కున నవ్వింది. "పొద్దుగాల్నే ఓ సీసా దించినట్టున్నది మా వదినె!"

వాపు తగ్గడానికి యాదవ్వ చేయనిది లేదు. ఊళ్లో సూదిమందు ఇచ్చే ఆయన ఒంట్లో నీరు చేరిందన్నాడు. నీరు దిగే గోలీలు మింగింది. ఉప్పు మానేసింది. దాహమైనా గుక్కెడుతోనే సరిపెట్టుకుంది. రోజుకు పదిసార్లు చాటుకు పరుగెత్తడమే మిగిలింది గానీ వాపు ఇసుమంతైనా తగ్గలేదు! తన ఒళ్లే తన మీద చాడీలు చెబుతుంటే ఏ ఆడది మాత్రం ఏం చేస్తుంది?

ఆ రోజే కూతురు భవాని కాలేజీ మానేసి, తల్లిని ఆటోలో మేడ్చల్ సర్కారు దవాఖానాకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ యాదవ్వ కాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. గుంట పడలేదు.

"ఇది ఉత్త నీరు గాదమ్మా. ఉత్త నీరైతె నొక్కినకాడ గుంట నిలవడ్తది. మెడల ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగ పనిచెయ్యకుంటె చర్మం కింద జిగటలాంటిది పేరుకపోతది. అది నీళ్లను గుంజి పట్టుకుంటది, ఇడువది. గందుకే ఆ గోలీలకు తగ్గలే. నీ నాలుకల, గొంతుల గూడ గదే వాపు!"

రెండు రోజులకు వచ్చిన రక్తపరీక్ష కూడా అదే తేల్చింది. రోజూ పరగడుపున ఒక గోలీ వేసుకోవాలి, వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది అన్నారు. యాదవ్వ భోరున ఏడ్చింది. రోగముందని కాదు... తన మాట నిజమని ఒక్కరైనా అన్నందుకు!

ఇంటికొచ్చి భవాని అంతా చెప్పింది. వల బాగు చేసుకుంటున్న లింగస్వామి తల ఎత్తలేదు.

"సరే, గోలీలేస్కోమను. ఇగ అయిపాయె గద."

అయిపాయెనా! యాదవ్వకు ఒళ్లు మండిపోయింది.

"ఏడ అయిపాయె? మందిల నన్ను తాగుబోతును జేసినవ్. తాగలేదని గూడ గాడనే, గా మంది ముందలనే జెప్పాలె. గప్పటిదాంక నేను కట్టకు రాను!"

"పిచ్చా నీకు? మొగోన్ని, నేనెట్ల..."

"ఆడదాని గదుమ పట్టినప్పుడు యాదికి రాలేదా?"

మూడు రోజులు చేపలు కోసే చెయ్యి లేక లింగస్వామి అవస్థపడ్డాడు. నాలుగో రోజు అతను అందరి ముందూ చెబుతానని ఒప్పుకుని యాదవ్వను కట్టకు వెంటబెట్టుకొచ్చి, చేపల గంప పక్కన నిలబడ్డాడు. కాలివేళ్ల వైపు చూస్తూ గొణిగాడు.

"మా ఆమె... తాగలే. థైరాయిడంట. తప్పు నాదే..."

వినోద కోస్తున్న చేపను వదిలేసింది. జనం చెవులు రిక్కించారు. యాదవ్వ ముఖం ఇంకా ఉబ్బే ఉంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. అయినా ఆ గొంతుతోనే కట్టంతా వినబడేలా అంది.

"నన్ను తిట్టినప్పుడు గింత మెల్లగ తిట్టినవా? జర గట్టిగ జెప్పు!"