వెంట్రుకవాసి సందు

బొమ్మ వేసినవాడికి పేరు, తుడిచేవాడికి చాకిరీ. నాది తుడుపు పని. గాజు పలక కింద తెల్లటి సన్న ఇసుక పరిచిన బల్ల ఉంటుంది. అడుగున అయస్కాంతం తిరుగుతుంటే, ఇసుక మీద ఉక్కు గోళీ దొర్లుతూ పువ్వులూ అలలూ గీస్తుంది. కొత్త బొమ్మ పడాలంటే పాతది పోవాలి. అందుకు గోళీ అంచున మొదలై, చుట్టు మీద చుట్టు తిరుగుతూ నడిమధ్యకి రావాలి. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎంత సందు ఉండాలో లెక్క కట్టేది నేను. సందు ఎక్కువైతే పాత గీత పళ్లికిలిస్తుంది. ఈ లెక్కలో నన్ను మించినవాడు లేడని కాస్త పొగరు కూడా ఉండేది.

ఇసుక బల్ల చూడమని పిలిస్తే, ఆమధ్య ఒక మధ్యాహ్నం ఒక డాక్టరమ్మ ఇంటికి వెళ్లాను. బడికి సెలవని మా ఆరేళ్ల కూతురూ వెంటపడింది. క్షణం కుదురుండదు, అందుకే దాన్ని పిచ్చుక అంటాం. ఆ ఇంట్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మందుల వాసన, దాని అడుగున ఇంకేదో ముక్కిపోయిన వాసన. ఇసుక బల్ల హాల్లో, తాళం వేసిన ఒక చిన్న గదికి ఎదురుగా ఉంది.

"తుడిచాక కూడా రాతలు మిగులుతున్నాయండీ," అంది డాక్టరమ్మ.

ఇలాంటి ఫిర్యాదులు నాకు మామూలే. గోళీని వదిలాను. సర్... సర్... మని ఇసుక నలిగింది. చుట్లు పూర్తయ్యి గోళీ మధ్యలో ఆగింది. అప్పుడు, గోళీ కదలకుండానే, సందుల్లో ఇసుక పక్కకి జరిగింది. చిన్నపిల్ల అక్షరాలు.

'అమ్మా తలుపు తియ్యి.'

అంచులు తడిమి చూశాను. గాజు పలక బిగించే ఉంది.

"మా అమ్మాయి," అంది ఆవిడ, ఎవరో రోగి గురించి చెప్పినట్టు. "ఎనిమిదేళ్లు. మాట వినకపోతే ఆ గదిలో పెట్టి తాళం వేసేదాన్ని. ఒకసారి డ్యూటీకి వెళ్తూ మర్చిపోయాను. రెండు రోజులు." బల్ల వైపు చూపించి, "తుడవగలరా, లేదా?"

అప్పుడే పిల్లని చంకనేసుకుని బయటపడాల్సింది. కానీ నా పనితనాన్నే శంకించిందని రోషం వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పాప మీద జాలికంటే ఆ రోషమే ఎక్కువైంది. సందు సగం చేశాను. అక్షరాలు ఇరుక్కుని, చిన్నవై వచ్చాయి. మళ్లీ సగం చేశాను. చివరికి వెంట్రుకవాసి సందు మిగిల్చాను. ఇక ఏమీ రాలేదు.

"నాన్నా, అక్కకి చోటు లేకుండా చేశావు," గుసగుసగా అంది పిచ్చుక, గాజుకి చెంప ఆనించి. "ఏడుస్తోంది. మనింటికి రమ్మన్నాను."

"బాగా తుడిచారు," అంటూ డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

మర్నాడు మా హాలు గోడ మీద పిచ్చుక గీసిన రంగు గీతలన్నీ మాయమయ్యాయి. గోడకి రంగులేయించే ఖర్చు తప్పిందని మా ఆవిడ సంబరపడింది. నేల దుమ్ములో మాత్రం, గోడల వెంబడే హాలు చుట్టూ ఒక సన్నటి గీత. తుడిచేశాను. ఆ మర్నాడు మళ్లీ వచ్చింది, జానెడు లోపలికి. తలుపు చెక్క మీద పిచ్చుక ఎత్తు కొలిచిన పెన్సిల్ గుర్తులు లేవు. మూడోనాడు దాని నోటుపుస్తకాలు తెల్లగా ఉన్నాయి. గీత ఇంకా లోపలికి వచ్చింది. అంచు నుంచి మధ్యకి... అది నా పద్ధతే. మధ్యలో పిచ్చుక పడుకునే చాప ఉంది. చాప ఎటు జరిపినా, చుట్టు దాని వెంటే జరిగింది.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"మా ఇంట్లో ఇప్పుడు ప్రశాంతంగా ఉందండీ," అంది. "మీ ఇంట్లో తాళం వేసే గది లేదా?"

నిన్న సాయంత్రం, గీత ఎలా వస్తుందో చూద్దామని, పిచ్చుక నిద్రపోతుండగా నేలంతా మొహం పౌడరు చల్లుకుంటూ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను. సర్... సర్... కళ్లముందే చుట్లు బిగిశాయి. చాపని ఆనుకుని ఆగిపోయాయి.

పిచ్చుక లేచింది. "నాన్నా!" అంటూ పరుగెత్తుకొచ్చి నా మెడ కరుచుకుంది. ఒళ్లు వెచ్చగా ఉంది. గుండె కొట్టుకుంటోంది. ప్రాణం లేచొచ్చింది నాకు.

దాని భుజం మీదుగా నేల చూశాను. చాప నుంచి గుమ్మం దాకా ఒక్క అడుగు గుర్తూ లేదు.

దాన్ని దింపాను. "మళ్లీ నడువమ్మా," అన్నాను.

నవ్వుతూ చాప దాకా నడిచింది. పౌడరు చెదరలేదు.

తర్వాత దాని వెనకాలే, ఒక్కొక్కటే... అడుగులు పడ్డాయి. దాని పాదాలకంటే కాస్త పెద్దవి.