గ్రహణం నాటి జేబురుమాలు

శనివారం... అమావాస్య... ఆపైన సూర్యగ్రహణం!

1980 మాఘమాసం. మధ్యాహ్నం మూడున్నర కావస్తోంది. నర్సీపట్నం వీధుల్లో మనిషన్నవాడు లేడు. కొట్లు మూసేశారు. బస్సులు ఎక్కేవాళ్ళు లేక స్టాండులోనే ఆగిపోయాయి. ఆవకాయ జాడీల మీద, పాలగిన్నెల మీద దర్భలు వేసి, తలుపులు బిగించుకుని జనం నారాయణ స్మరణలో ఉన్నారు. పట్టపగలు పాలిపోయి, ఊరి మీద బూడిదరంగు వెలుతురు కమ్ముకుంది. కాకులు గూళ్ళకు మళ్ళాయి. ఎక్కడో మామిడితోటలో గుడ్లగూబ... పగటిపూట గుడ్లగూబ... ఒక్కసారి అరిచి ఊరుకుంది.

కొయ్యూరు రోడ్డు పక్కనున్న శ్మశానంలో మాత్రం ఇద్దరు మనుషులున్నారు.

ఒకడు జోగులు. చిల్లంగి పెడతాడని, చేతబడి చేస్తాడని పేరుపడ్డవాడు. అతని పేరు వినబడితే కొండ కింది ఊళ్ళలో తల్లులు పిల్లల్ని కొంగులోకి లాక్కునేవారు. బొగ్గుపొడితో వేసిన ముగ్గు మధ్య, సిందూరం పూసిన కపాలం ముందు అతను కూర్చుని ఉన్నాడు.

రెండోవాడు యాజులు. తాలూకా ఆఫీసులో గుమాస్తా. ‘శ్రీవాణి ఆర్కెస్ట్రా’ను పెట్టినవాడు. సంధ్య వార్చనిదే మెతుకు ముట్టని మనిషి. అటువంటివాడు గ్రహణస్నానం మానుకుని ఈ బూడిద కుప్పల మధ్యకు ఎందుకొచ్చాడు? అసూయ తీసుకొచ్చింది. అతని గుప్పెట్లో ఉమ్మి ఆరి గట్టిపడిన పాత జేబురుమాలు ఒకటుంది.

“ఇంకెవుడి నోరైనా తగిలిందా బాబూ దీనికి? నిజం సెప్పాల,” అన్నాడు జోగులు. “ఎంగిలి ఒక్కడిదే అవ్వాల. కలిసిందంటే అది నా సేతుల్లో ఉండదు.”

“వాడిదే. వాడొక్కడిదే,” అన్నాడు యాజులు.

రుమాలు చేయి మారింది.

ఆ ‘వాడు’ మత్స్యలింగం. కొయ్యూరు పైన కొండల్లో విస్తళ్ళకు అడ్డాకులు కోసి అమ్ముకునే సింహాద్రమ్మకు ఒక్కడే కొడుకు. చదువుకోసం నర్సీపట్నం హాస్టల్లో చేరినప్పుడు, అక్కడి వార్షికోత్సవంలో బల్లమీద దరువేసుకుంటూ కొండపాట పాడాడు. ఆ గొంతును గుర్తించింది యాజులే. ఇంటికి తెచ్చి, హార్మోనియం ముందు కూర్చోబెట్టి, శ్రుతిలో నిలబడటం నేర్పింది యాజులే. విశాఖపట్నంలో ఎవరో పాత ఎలక్ట్రిక్ గిటారు అమ్ముతున్నారంటే తోడువెళ్ళి ఇప్పించింది కూడా యాజులే.

ఆ గిటారు మీద లింగం కొండవాళ్ళ థింసా ఆట దరువు మోగించాడు. రేడియోలో వినిపించే ఇంగ్లీషు పాటల ఉరుకు, కొండమీద వాన దిగే ఉరుకు రెండూ ఒకటేనని అతననేవాడు. కాలేజీ కుర్రాళ్ళు ‘రాక్ లింగం’ అని పేరు పెట్టారు. రోలుగుంటలో పాడితే లారీల మీదెక్కి విన్నారు. కోటవురట్లలో పాడితే తెల్లారినా జనం కదల్లేదు. అతనికి పాతికేళ్ళు ఇంకా నిండలేదు.

ఆర్కెస్ట్రాకున్న మైకు ఒక్కటే. పెదవి తగిలితే జివ్వుమని షాకు కొట్టేది. అందుకని దానికి ఒక జేబురుమాలు చుట్టేవారు. ఆర్కెస్ట్రా పెట్టిన ఏడాది యాజులు భార్య శారదాంబ మూల మీద ఓంకారం కుట్టి, పళ్ళతో దారం కొరికి ఇచ్చిన రుమాలది. ఉతికితే కలిసొచ్చిన వాణి పోతుందని ఎన్నడూ ఉతకలేదు. మొదటి ప్రార్థన యాజులు పాడేవాడు, ఆ తర్వాత లింగం. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి తాగే యాజులు, మైకు దగ్గర మాత్రం ఎంగిలి ఎంచలేదు. ఎవరి గుడ్డ వాళ్ళు తెచ్చుకుంటే పోలేదా అని తబలా సోములు ఒకసారి అంటే లింగం నవ్వేశాడు.

“గురువుగారి ఎంగిలి నాకు తీర్తం కదేటి.”

ఆ మాట విని యాజులు పొంగిపోయాడు. తర్వాత మరిచిపోయాడు. అసూయ మనిషి దగ్గర మొదట ఎత్తుకుపోయేది జ్ఞాపకాన్నేనేమో!

అతను మరవలేనిది మొన్నటి శివరాత్రి జాగరణ. ప్రార్థన రెండో చరణంలో ఉండగా జనంలోంచి ఎవడో, “పంతులుగారూ, బేగి కానియ్యండి, మా లింగాన్ని ఒగ్గండి,” అన్నాడు. పందిరంతా నవ్వింది. అది కూడా ఓర్చుకున్నాడు యాజులు. కానీ లింగం గిటారు ఎత్తి, “కొండెక్కి పిలిసేను, గాలీ పలకవే...” అని అందుకోగానే, ఆడవాళ్ళ వరసలో శారదాంబ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకోవడం కనిపించింది. పదిహేనేళ్ళుగా తన పాట వింటోంది. ఏనాడైనా ఆ కళ్ళు తడిశాయా? ఆమెకు లింగం తమ్ముడిలాంటివాడని యాజులుకు తెలుసు. తెలిసినా కడుపులో నిప్పు ఆరలేదు. తెల్లవారుజామున మైకు విప్పుతూ రుమాలు బొడ్లో దోపుకున్నాడు.

గొంతు పోతే చాలు, ప్రాణం జోలికి పోవద్దని జోగులుకు గట్టిగానే చెప్పాడు. జోగులు తలూపాడు.

ఇప్పుడు ఆకాశంలో సూర్యుడు సన్నని నెత్తుటి గీతగా మిగిలాడు. జోగులు రుమాలును కపాలం నోట్లో కుక్కి, నిమ్మకాయ కోసి పిండి, ఏడు ముళ్ళు ఒక్కొక్కటిగా గుచ్చసాగాడు. హోమగుండంలో మంట నీలంగా లేచింది. గాలి ఆగిపోయింది... ఆకు కదల్లేదు... చివరి ముల్లు దిగింది.

ఆ క్షణంలో, గ్రహణం వేళ బయట తిరగవద్దని శారదాంబ కూర్చోబెట్టుకోగా, యాజులు ఇంటి వసారాలో లింగం గిటారు సవరించుకుంటున్నాడు. ఉన్నట్టుండి ఒక తీగ ఠంగున తెగింది. లింగం గొంతు పట్టుకున్నాడు. “అక్కా,” అనబోయాడు. పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు. అలాగే గిటారు మీదికి వాలిపోయాడు.

శ్మశానంలో కపాలం దవడ ఒక్కసారి కదిలి, లోపలినుంచి సన్నగా కూనిరాగం వినిపించింది. అది లింగం గొంతేనని యాజులు పోల్చుకున్నాడు.

“ప్రాణం వద్దన్నాను కదా,” అన్నాడు.

“ఆడి గొంతూ పేనం ఏరేరుగా ఉంటాయేటి బాబూ?” అని జోగులు నవ్వాడు. ఆ గొంతు పిలిస్తే రాని మనిషి లేడని, ఇక ఊరూరూ తన గుప్పెట్లో ఉంటుందని అతని ఆశ.

డాక్టరు గుండె ఆగిందన్నాడు. సింహాద్రమ్మ వచ్చి కొడుకును కొండకు తీసుకుపోయింది. గిటారు మాత్రం చూడలేనని అక్కడే వదిలేసింది. ఆమె ముందు యాజులు తల వంచుకుని నిలబడ్డాడు. జనం అది దుఃఖమనుకున్నారు.

కర్మలు పూర్తయిన సాయంత్రం, దీపం వెలిగించబోతున్న శారదాంబ చేతిలోంచి అగ్గిపెట్టె జారింది. ఆమె మెడ పక్కకు వాలింది. కళ్ళు తెల్లబడ్డాయి. ఆమె నోట్లోంచి మగగొంతు... కొండవాన గొంతు... లేచింది!

“కొండెక్కి పిలిసేను, గాలీ పలకవే...”

పాట ఆగాక ఆ గొంతే మర్యాదగా, మెల్లగా అంది. “గురువుగారూ, ఆ గుడ్డమీద మీ నోరు కూడా ఉందండి. అక్క నోరూ ఉందండి. మరిసిపోనారా?”

యాజులు గోడకు జారగిలబడ్డాడు. తిడితే భరించేవాడు. ఆ గొంతులో కోపం లేదు.

ఆ రోజు మొదలు, పొద్దువాలితే చాలు అదే వరస. శారదాంబ తిండి మానేసింది. చెంపలు లోతుకుపోయి, చేతి గాజులు మోచేతిదాకా జారాయి. రోజూ నరసింహస్వామి ముందు స్తోత్రం చదివే నోటికి ఒక్క శ్లోకం గుర్తురావడం లేదు. వైశాఖానికి ఆమె ఊపిరి దీపపు వత్తి చివరి కొసలా కొట్టుకుంటోంది. విధిలేక యాజులు మళ్ళీ జోగులు దగ్గరకే పరుగెత్తాడు.

జోగులు అప్పటికే మండిపడుతున్నాడు. కపాలంలో అతనికి మిగిలింది కూనిరాగం మాత్రమే, గొంతులో ముప్పాతిక భాగం శారదాంబలో చిక్కుకుంది. తానే ఇంటికొచ్చి లాక్కుంటానన్నాడు.

“పగలు దేవుడిది, రాత్రి దెయ్యాలది. నడిమేల, సందేల, ఎవుడిదీ కాదు. ఇంట్లో మీ దేవుడున్నాడు, వీదిలో మా వోళ్ళున్నారు. గడప ఎవుడిదీ కాదు. అక్కడ కూకుంతాను,” అన్నాడు.

ఆ వేళకు, ఆ గడపకు అధిపతి ఎవరో సింహాచలం కొండ నీడలో పెరిగినవారికి ఒకరు చెప్పాలా? యాజులుకు ఆ మాట తట్టలేదు. ఆనాడు వైశాఖ శుద్ధ చతుర్దశి అనీ, ఏటా శారదాంబ స్వామి జయంతికని పానకం కలిపే రోజనీ కూడా తట్టలేదు.

సూర్యుడు దిగుతున్నాడు. పడమట కొండల మీద కారుమబ్బు పేరుకుంది. ఉరుములు... ఒకదాని మీద ఒకటిగా దొర్లుతున్న బండల్లా ఉరుములు! కరెంటు పోయింది. జోగులు గడపమీద కూర్చుని, కపాలాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. వసారాలో చాపమీద శారదాంబ కొయ్యలా పడి ఉంది. ఆమె తలవైపు గోడకు గిటారు, దాని పక్కన గిటారు మోతను పెంచే పాటపెట్టె చల్లగా నిలబడి ఉన్నాయి.

మంత్రం సాగేకొద్దీ శారదాంబ ఛాతీ విల్లులా పైకి లేచింది. నోరు తెరుచుకుంది. సన్నని తెల్లటి ఆవిరి పెదవుల మీద ఆడసాగింది.

“గొంతుతోపాటు ఊపిరీ వచ్చేస్తాది,” అన్నాడు జోగులు తాపీగా. “మొగుడివి. ‘ఇచ్చాను’ అని మూడుసార్లు అను. అనకపోతే ఆడు ఆవిడిలోనే ఉంటాడు, ఊరంతా నీ పాపం పాడతాడు. అన్నావంటే నీ గుట్టు నీకాడే ఉంటాది. పాటా నీదే అవుద్ది. మైకుకాడ ఇంకెవుడూ ఉండడు.”

మైకు దగ్గర ఇంకెవరూ ఉండరు! ఆ మాట కోసమే కదా యాజులు ఇన్నాళ్ళూ కాలిపోయింది. అతని చూపు భార్య ముఖం మీద పడింది. ఆమె కంటికొసన నీటిబొట్టు ఒకటి నిలిచి ఉంది. అది ఎవరి పాటకు వచ్చిన కన్నీరని అతనికి ఇప్పుడు అడగాలనిపించలేదు.

“అను,” అన్నాడు జోగులు.

యాజులు గుండెల నిండా గాలి తీసుకున్నాడు. పందిళ్ళలో ఎన్నడూ అందని పైషడ్జం మీద, పేగులు తెగేలా పిలిచాడు.

“నరసింహా!”

పిడుగు పడింది... ఇంటిమీద కాదు, చెట్టుమీద కాదు... ఎక్కడ పడిందో ఎవరూ చెప్పలేకపోయారు. కరెంటు లేని పాటపెట్టె గర్జించింది. అది గిటారు మోత కాదు, మేఘం మోత కాదు. గోడలు దద్దరిల్లాయి. మీటే చెయ్యి లేకుండా గిటారు తీగలు వణికి, బిగిసి, ఒక్కసారిగా తెగి, గడపవైపు విసురుగా లేచాయి. జోగులు చివరి కేక సగంలోనే ఆగింది. కపాలం రెండు చెక్కలై దొర్లింది. లోపలి రుమాలు భగ్గున మండి, గుప్పెడు బూడిదయింది.

జోగులు తల వీధిలోనూ కాళ్ళు వసారాలోనూ పడి, గడపమీదే చచ్చాడు. ఛాతీ మీద అయిదు గీతలు, గోళ్ళతో చీల్చినట్టు. గిటారుకు మిగిలిన తీగలు అయిదే కదా, అవే కొట్టాయని పోలీసులు రాసుకున్నారు. కావచ్చు. తీగల్లోకి ఎవరొచ్చారో పోలీసులు ఎలా రాస్తారు? లింగం ప్రాణానికి రాని స్వామి అప్పుడే ఎందుకొచ్చాడని మనసు అడగకపోదు. ఆ గ్రహణంనాడు పిలిచినవారెవరూ లేరేమో. పిలవకపోతే రాడా? నాకు తెలియదు. ఆయన ముందు దీపం పెట్టినప్పుడల్లా అడుగుతూనే ఉంటాను.

శారదాంబ తేరుకుంది. యాజులు మాత్రం ఆ పిలుపుతో మూగవాడయ్యాడు. రుమాలుతోపాటు అతని గొంతు కూడా కాలిపోయింది.

వానలు మొదలయ్యాక సింహాద్రమ్మ గిటారు కోసం వచ్చింది. కొడుకు పాట ఒక్కటి పాడమని శారదాంబను అడిగింది. శారదాంబ తన మామూలు గొంతుతో, అక్కడక్కడ శ్రుతి తప్పుతూ పాడింది. ముసలామె చెవి ఒగ్గి విన్నది.

“ఇది మా లింగం గొంతు కాదమ్మా. ఆడు ఎల్పోనాడు,” అని నిట్టూర్చింది. “పోనీలే, మంచిదే.”

శారదాంబకు అన్నీ తెలుసు. ఆమె లోపల కూర్చుని లింగం చెప్పిన మాటలు ఒక్కటీ ఆమె మరవలేదు. భర్త వైపు తిరిగింది.

“చెప్పండి. అది మీరు చెప్పాల్సిన మాట,” అంది.

యాజులు సింహాద్రమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. నోరు తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి. నేనే అన్న మాట గొంతులో పుట్టి అక్కడే చచ్చింది. గాలి మాత్రం బయటికొచ్చింది. నేలమీద వేలితో రాయబోయాడు. ఆమెకు చదువు రాదు.

సింహాద్రమ్మ వంగి, అడ్డాకులు కోసి మొద్దుబారిన అరచెయ్యి అతని తలమీద పెట్టింది.

“ఊరుకో బాబూ,” అంది. “నా కొడుక్కి పాట నేర్పిన గొంతు... ఆడి మీద బెంగతోనే పోనాదేటి?”